మూడు వందల పన్నెండు కవర్లు

3, సోమవారం

ఇది రాయడం మానేద్దామనే అనుకున్నాను. నోటుబుక్కు తీస్తే కలం లేదు. కలం దొరికితే కళ్లజోడు లేదు. కళ్లజోడు నెత్తిమీదే ఉందని మా ఆవిడ చెప్పేసరికి ఉన్న సరదా కాస్తా చచ్చింది. అయినా కూర్చున్నాను. ఎందుకంటే నిన్న నా గురించి ఇంకొకరు రాసింది చదివాను. అంతా పొగడ్తలే. ఎక్కడో ఒకచోట నా గురించి నేను మామూలు మాటల్లో రాసుకోకపోతే ఈ వెగటు దిగేలా లేదు.

నేను రిటైరైన ఇన్నాళ్లకి పోలీసు శాఖవాళ్లు నా మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. ఇరవై అయిదో తారీకున సన్మానం, ఆ రోజే పుస్తకం విడుదల. పుస్తకం రాసే అమ్మాయి ముసాయిదా పంపింది. మొదటి పేజీలోనే నేను "పోలీసు పనికి శాస్త్రం నేర్పిన మహానుభావుణ్ణి". రెండో పేజీలో నా నడక గంభీరం. మోకాళ్ల నొప్పికి అంత మంచి పేరు ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

మూడో పేజీలో కవర్ల సంగతి. బాగానే రాసింది, కాదనను. "ఇరవై నాలుగేళ్ల క్రితం మూడు స్టేషన్లలో మూడు వందల పన్నెండు కవర్లు పంచారు. మొగుడు పెళ్లాన్ని కొట్టాడని కబురొస్తే కానిస్టేబులు వెళ్లి, వరుసలో తర్వాతి కవరు తెరవాలి. ఎర్ర చీటీ వస్తే మొగుణ్ణి ఒకరోజు లోపల పెట్టాలి. తెల్ల చీటీ వస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడి, చీటీ మీద సంతకం పెట్టించుకుని రావాలి. ఏది ఎవరికి వస్తుందో ఎవరికీ తెలియదు. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే, ఎర్ర చీటీ వచ్చిన ఇళ్లలో నలభై అయిదు చోట్ల మళ్లీ కొట్టారు. తెల్ల చీటీ వచ్చిన ఇళ్లలో పదహారే." సగం ఎర్రవి, సగం తెల్లవి. అంతా నిజం.

అప్పట్నుంచీ దాని పేరు తెల్ల చీటీ పద్ధతి. ఇన్నాళ్లూ కొన్ని స్టేషన్లలోనే నడిచింది. వచ్చే ఒకటో తారీకు నుంచి అన్ని స్టేషన్లకూ ఇదే నియమం: భార్య ఎన్నిసార్లు వచ్చినా మూడు చీటీల వరకూ కేసు రాయకూడదు.

మా ఆవిడ ముసాయిదా అంతా చదివి, "ఇందులో నేను లేను" అంది.

"నువ్వు శాస్త్రం కాదు కదా" అన్నాను.

"హమ్మయ్య" అంది.

4, మంగళవారం

ముసాయిదాలో ఇంకో వాక్యం నన్ను వదలడం లేదు: "గణాంకశాస్త్రాన్ని లోతుగా అధ్యయనం చేశారు."

అధ్యయనం! నేను కానిస్టేబులుగా ఉండగా పాత కాగితాల కొట్లో ఒక లావాటి పుస్తకం దొరికింది. వ్యవసాయ పరిశోధకుల కోసం రాసింది. మొదటి నలభై పేజీలు ఎవరో పొట్లాలకు చింపేశారు. సగటు అంటే ఏమిటో ఆ నలభైలో ఉంది. అందుకని నేను కష్టమైనవన్నీ ముందు నేర్చుకుని, సగటు చివర్లో, అధికారి అయ్యాక, ఒక గుమాస్తాని అడిగి తెలుసుకున్నాను. వాడు నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ పుస్తకంలో ఉదాహరణలన్నీ మళ్లూ ఎరువులూ. ఈ మడికి ఈ ఎరువు, ఆ మడికి ఆ ఎరువు, ఏది దేనికన్నది చీటీలు తీసి తేల్చాలి, మన ఇష్టం కాదు. నాకు అదొక వెలుగు. ఠాణాలో అప్పటిదాకా నేను చూసిన జ్ఞానమంతా "నా అనుభవంలో" అని మొదలయ్యేది, బల్లగుద్దుడుతో ముగిసేది. ఎవడి మీసం పెద్దదైతే వాడి అనుభవం గెలిచేది. చీటీకి మీసం ఉండదు. అది నాకు నచ్చింది.

ఇది ముసాయిదాలో లేదు. అమ్మాయికి చెప్పాలా? "మహానుభావుడు పొట్లాల కాగితం చదివి" అని రాస్తే బాగుంటుందేమో.

7, శుక్రవారం

సన్మానానికి పాత యూనిఫాం కోటు వేసుకోవాలట. వేసుకుంటే లోపల ఇంకో మనిషి పట్టేలా ఉంది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కొట్టు నిజానికి ఒక గుమ్మం, ఒక మిషను, ఒక దీపం. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఒక్కటీ మింగదు. మా ఆవిడ జాకెట్లన్నీ అక్కడే. ఇరవై ఏళ్లుగా నన్ను బాబాయిగారూ అంటుంది.

నా భుజం మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ, "బాబాయిగారూ, మీరు పోలీసుల్లో పెద్దాయన కదా, ఒక మాట అడగనా?" అంది.

"అడగమ్మా."

"స్టేషన్లో తెల్ల చీటీ ఇస్తున్నారంట కదా. అది మంచిదేనా?"

అప్పుడు చూశాను. మెడమీద, చెవి కింద, పసుపుపచ్చగా నాలుగు మచ్చలు. నాలుగు వేళ్లు. అయిదోది అవతల ఉండి ఉంటుంది. మొగుడు లారీ నడుపుతాడు. నెలలో పదిరోజులు ఇంట్లో ఉంటాడు. ఆ పదిరోజులూ ఈవిడ గుమ్మం సగం మూసే ఉంటుంది. ఇన్నాళ్లూ చూసి కూడా, మిషను చప్పుడు బయటికి రాకుండా అనుకున్నాను. నేను పోలీసుని.

"మంచిదే" అన్నాను. "లోపలేస్తే పగబడతారు. కూర్చోబెట్టి మాట్లాడితే మారతారు. లెక్కలు ఉన్నాయి."

"లెక్కలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే ఎల్తాను" అంది, గుండుసూదుల మధ్యనించి.

8, శనివారం

భుజాలు ఇంకా రెండు వేళ్లు లోపలికి తియ్యాలట. మనిషి తగ్గాడు, కోటు తగ్గలేదు.

11, మంగళవారం

పుస్తకం రాసే అమ్మాయి, "ఆ రోజుల్లో మీతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మంచి సంఘటన కావాలి సార్" అంది. దగ్గు హెడ్డు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లలో నేను చూసిన హెడ్ కానిస్టేబుళ్లలో అతనొక్కడే నమ్మదగిన మనిషి. ఎందుకంటే అబద్ధం చెప్పేముందు దగ్గుతాడు. కొత్తగా వచ్చిన అధికారులకు తెలియదు, పాపం, మిరియాలు వాడమని చెప్పేవారు.

బస్సు చివరి స్టాపులో కూతురింట్లో ఉంటున్నాడు. వరండాలో కుర్చీ, పక్కన కుండీలు. నన్ను చూసి లేవబోయాడు. నేను కూర్చోబెట్టబోయాను. ఇద్దరికీ మోకాళ్లు. ఆ కార్యక్రమానికే అయిదు నిమిషాలు పట్టింది.

కవర్ల గురించి చెప్పమన్నాను. నవ్వాడు.

"అబ్బో! ఆ కవర్లా! ఆ రోజుల్లో దీపానికి పట్టి చూసీ చూసీ నా కళ్లు పోయాయి సార్."

"దేన్ని పట్టి చూశావు?"

"కవర్నే. పల్చటి కాయితం కదా. ఎరుపైతే లోపల కనపడేది."

 అతనే చెప్పుకుపోయాడు, ఎంతో ముచ్చటగా.

"ఆ పెంకుటింటి ఆవిడ... తల పగిలింది, రక్తం కారతా ఉంది, పిల్లని చంకనేసుకుని నుంచుంది. చేతిలో చూస్తే తెల్ల కవరు. ఏం చేయమంటారు? వాణ్ణి కూర్చోబెట్టి, నాయనా అలా కొట్టకూడదు అని చెప్పి రానా? దాన్ని వెనక్కి పెట్టేసి ఎర్రది ఏరాను. ఆ తెల్లదేమో మర్నాడు కంచం విసిరేసుకున్నవాళ్లకి ఇచ్చాను. ఎవరికీ అన్యాయం జరగలేదు సార్."

"నువ్వొక్కడివేనా?"

"మూడు స్టేషన్లూ అంతే. మీరు ఎలాగూ అన్ని కవర్లూ ఖర్చవ్వాలన్నారు. అన్నీ ఖర్చు చేశాం."

"నాకెందుకు చెప్పలేదు?"

అతను నాకేసి వింతగా చూశాడు. "చెప్పాను కదా సార్. జీపులో."

దగ్గలేదు.

12, బుధవారం

చెప్పలేదు. ఎనభై దాటిన మనిషి. జీపు ఏదో, కలలో జీపు ఏదో తెలియని వయసు.

కానీ ఇదొకటి ఆలోచించు. దుర్మార్గులందరికీ ఎర్ర చీటీ, కంచం విసిరినవాళ్లకి తెల్ల చీటీ ఇస్తే, ఎవరు మళ్లీ కొడతారు? ఎర్ర చీటీవాళ్లే కొడతారు. లోపలేసినందుకు కాదు. వాళ్లు కొట్టేవాళ్లు కనుక. తెల్ల చీటీ ఎవర్నీ మార్చలేదు. మారక్కర్లేనివాళ్ల చేతిలో పడింది, అంతే. ఆ పుస్తకంలో మళ్లు కవర్లు దీపానికి పట్టి చూసుకునేవి కావు. చీటీకి మీసం లేదనుకున్నాను. పట్టుకున్నవాడికి మనసుందని అనుకోలేదు.

ఆ కానిస్టేబుళ్లు చేసినదాంట్లో మంచితనం ఉంది. ఆ మంచితనాన్ని పిండి నేను విషం తీశాను. ఇరవై నాలుగేళ్లు సీసాల్లో పోసి పంచాను.

చెప్పలేదు నాకు.

13, గురువారం

చెప్పలేదు.

14, శుక్రవారం

అటకమీది పెట్టె దించాను. మా ఆవిడ నిచ్చెన పట్టుకుని, "సన్మానం ముందా, ఆస్పత్రి ముందా?" అంది. ఇరవై నాలుగేళ్ల దుమ్ము ముక్కులో దూరింది. స్టేషన్ల నుంచి వచ్చిన కార్బను కాపీలు, మూడు కట్టలు.

ఒక్కో కాపీలో తేదీ, వేళ, కవరు నంబరు, గాయం, చీటీ రంగు. కవర్లు వరుసగా తెరిస్తే నంబర్లు వరుసగా రావాలి. మొదటి కట్ట: పదిహేడు, పద్దెనిమిది, ఇరవై ఒకటి, పంతొమ్మిది, ఇరవై నాలుగు, ఇరవై. గెంతుకుంటూ వెళ్లిన ప్రతిచోటా గాయం గడిలో చూశాను. తలకి కుట్లు: ఎరుపు. ముందు పన్ను: ఎరుపు. పక్కటెముక: ఎరుపు. వదిలేసిన నంబరు రెండు మూడు రోజుల తర్వాత తేలేది. తోశాడు: తెలుపు. బూతులు తిట్టాడు: తెలుపు. కంచం విసిరాడు, తగల్లేదు: తెలుపు.

రెండో కట్ట కూడా చూశాను. ఇవాళ్టికి చాలు.

17, సోమవారం

చెప్పాడు.

రాయకుండా రెండు రోజులు ఆపాను. కాగితం మీద లేకపోతే లేనట్టే అనుకునే అలవాటు పోలీసులకి మామూలే. మేం కేసు రాయకపోతే దొంగతనం జరగనట్టే.

మూడు కట్టల్లోనూ, గెంతిన ప్రతి నంబరు పక్కనా పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది. మూడోదాని ఆఖరి పేజీలో, సున్నా చుట్టి, 94. దాని కింద అదే పెన్సిలుతో: "వరుస సరిచేయాలి."

రాత నాది. "ర" కి తలకట్టు అంత పెద్దది పెట్టేది నేనొక్కణ్ణే. చిన్నప్పుడు పంతులుగారు ఎన్ని మొట్టికాయలు వేసినా పోలేదు.

వరుస సరిచేశాను. నా నివేదికలో పట్టిక వేళ ప్రకారం కాదు, కవరు నంబరు ప్రకారం ఉంది. ఒకటి, రెండు, మూడు, మూడు వందల పన్నెండు దాకా, చీమల బారులా. ఎవరికీ గెంతు కనపడదు. శుభ్రంగా ఉండాలని అలా చేశానని అనుకున్నాను. ఇప్పటిదాకా అదే అనుకుంటూ వచ్చాను. తొంభై నాలుగు టిక్కులు పెట్టుకున్న మనిషికి శుభ్రం కావాలి!

జీపు గుర్తొచ్చింది. వాన. అద్దం తుడిచే పుల్ల ఒకవైపే పనిచేసేది. వెనక సీట్లోంచి హెడ్డు, "సార్, ఆ కవర్ల సంగతి ఒకటి" అన్నాడు. మర్నాడే రాజధానిలో నా ఉపన్యాసం. "తర్వాత చూద్దాం" అన్నాను. చూశాను కూడా. చూసి టిక్కు పెట్టాను.

నోరంతా చేదుగా ఉంది. పళ్లు రెండుసార్లు తోముకున్నాను.

18, మంగళవారం

శిష్యుడి దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు కమిషనరు. నా కింద చిన్న అధికారిగా చేరినప్పుడు వాడికి టోపీ సరిగ్గా పెట్టుకోవడం కూడా నేనే నేర్పాను. గదిలో నా ఫొటో. దాని కిందే కూర్చోబెట్టాడు. నన్ను నేను నెత్తిమీద మోస్తున్నట్టుంది.

అంతా చెప్పాను. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు.

"గురువుగారూ, ఆధారం ఏముంది? ఒక ముసలి హెడ్డు జ్ఞాపకమేగా?"

బాగుంది. ఇరవై నాలుగేళ్లు ఈ ప్రశ్న అడగమని ఊరూరా తిరిగి నేర్పాను. ఇవాళ నా మొహం మీదే అడిగాడు. కట్టలు బల్లమీద పెట్టాను. పేజీలు తిప్పాడు. చురుకైనవాడు, పావుగంటలో పట్టేశాడు. పట్టేశాక ఆఖరి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఈ పెన్సిలు రాత ఎవరిది?"

"నాదే."

"మరి ఇది బయటపడితే ముందు పోయేది ఎవరు?"

"నేనే. పోనీ."

"మీరు పోతే మీ ఒక్కరితో పోదు సార్. ఇకమీదట ఎవడు లెక్క చూపించినా, ఆ కవర్ల కథ చెప్పి నవ్వుతారు. మళ్లీ మీసాలవాళ్ల రాజ్యం. అది కావాలా మీకు?"

 తెలివైన మాట. అందులో నిజం కూడా కొంత ఉంది. రోత పుట్టించే సంగతి అదే.

"ఒకటో తారీకు ఆపు" అన్నాను.

"సన్మానం కానివ్వండి. తర్వాత కమిటీ వేద్దాం. నెమ్మదిగా సవరిద్దాం." లేచి, నా భుజం తట్టాడు. "కోటు బాగు చేయిస్తున్నారట కదా, పిన్నిగారు ఫోన్లో చెప్పారు."

కమిటీ అంటే ఏమిటో నాకు తెలుసు. పన్నెండు కమిటీలకి నేనే అధ్యక్షుణ్ణి.

అయినా లేచి వచ్చేశాను. కట్టలు చంకలో పెట్టుకుని. కారు ఇచ్చి పంపాడు. కారెక్కాను.

19, బుధవారం

కమిటీ మంచి ఆలోచనే కావచ్చు. తొందరపడి చేసిన పనులు చాలా చూశాను.

20, గురువారం

కోటు తయారు. తొడిగి చూపించింది. అద్దంలో చూసుకుంటే కుర్రాడిలా ఉన్నాను, మెడకి పైనున్నదంతా మూసేస్తే.

"రెండు చీటీలయ్యాయి బాబాయిగారూ" అంది. గర్వంగా చెప్పినట్టే ఉంది, బడిలో రెండు పరీక్షలు గట్టెక్కినట్టు. "మొదటిసారి కానిస్టేబులు బాగా చెప్పాడు. ఈయన తల వంచుకుని అన్నీ విన్నాడు. సంతకం పెట్టాడు. ఇంటికొచ్చాక, నన్ను నలుగురిలో కూర్చోబెట్టావే అన్నాడు."

"రెండోసారి?"

"రెండోసారి కానిస్టేబులు టీ కూడా ఇప్పించాడు. ఆయనకి. ఇంకోటి ఉంది కదా. మూడోదానికి మారతాడంటారా?"

ఇక్కడ చెప్పేయాలి. అమ్మా, మారడు, ఆ లెక్క తప్పు, తప్పని నాకు తెలుసు, ఇవాళే మీ అక్క ఇంటికి వెళ్లిపో అని. నోరు తెరిచాను.

"సోమవారం ఒకసారి కనపడమ్మా, మాట్లాడదాం" అన్నాను.

సోమవారం ఎందుకు? మంగళవారం సన్మానం. అంటే సన్మానం ముందురోజు వరకూ మనసు మార్చుకునే వెసులుబాటు ఉంచుకున్నాను. ఆవిడ కోసం కాదు, నా కోసం. రాస్తుంటేనే తెలిసింది. చీ.

22, శనివారం

గుమ్మం పూర్తిగా మూసి ఉంది. పక్క కొట్టు మంగలి చెప్పాడు. నిన్న మధ్యాహ్నం మూడో చీటీ అయింది. కానిస్టేబులు వెళ్లిన గంటకి కుడి మోచెయ్యి విరిచాడు. కత్తెర పట్టే చెయ్యి.

"మిషను మూతేసి దానిమీద పెట్టి విరిచాడండీ" అన్నాడు మంగలి. "గట్టిగా అరిచింది. మేం వెళ్లేసరికే లారీ తీసుకుని పోయాడు."

గడ్డం గీయించుకుందామని వెళ్లినవాణ్ణి. కుర్చీలోంచి లేచి వచ్చేశాను. సగం గడ్డంతో.

మా ఆవిడకి అంతా చెప్పాను, టిక్కులతో సహా.  విన్నాక, "నువ్వు ఏడో తారీకున దానికి ఏం చెప్పావు?" అంది. నువ్వు అంది. నలభై ఆరేళ్ల కాపురంలో ఎప్పుడూ మీరే.

"మంచిదే అని చెప్పాను."

లేచి లోపలికి వెళ్లింది.

24, సోమవారం

నాలుగు పేజీలు రాశాను. "నేను" అనే మాటతో మొదలుపెట్టాను, "శాఖ" అని ఎక్కడా రాయలేదు. పట్టిక వేళ ప్రకారం మళ్లీ వేశాను. తొంభై నాలుగు గెంతులూ గెంతులుగానే ఉంచాను. పెన్సిలు పేజీ కాపీ జతచేశాను. శిష్యుడికి ఒకటి, పుస్తకం రాసే అమ్మాయికి ఒకటి, రెండు పత్రికలకి రెండు. కోటు మేకుకే వేలాడుతోంది.

అమ్మాయి ఫోను చేసి ఏడ్చింది. పుస్తకం అచ్చయిపోయిందట.

25, మంగళవారం

టీవీలో చూశాను. "అనారోగ్యం వల్ల రాలేకపోయిన" నాకు బదులు శిష్యుడే జ్ఞాపిక అందుకున్నాడు. చప్పట్లు. నియమం ఒకటి నుంచి యథాతథమన్నాడు. నా పద్ధతి గొప్పతనం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడాడు. మంచి ఉపన్యాసం. సగం వాక్యాలు నావే.

27, గురువారం

ఒక పత్రిక వేసింది. ఏడో పేజీ, కింద. "వయోభారంతో పెద్దాయన తికమక" అని శాఖ వివరణ పక్కనే.

28, శుక్రవారం

హెడ్డు వచ్చాడు, బస్సులో. "మంచి పని చేశారు సార్" అన్నాడు. దగ్గాడు. ఎందుకు దగ్గాడో అడగలేదు.

1, సోమవారం

కుట్టే ఆవిడ అక్క ఇంట్లో ఉంది. మా ఆవిడా నేనూ వెళ్లాం. నన్ను చూసి లేచి నిలబడలేదు. అది సబబే. చెప్పాల్సిందంతా చెప్పాను. విన్నాక ఒకే మాట అంది.

"అయితే లెక్కలు లేవా?"

"లేవమ్మా."

"ముందే చెప్పుంటే బాగుండేది" అంది. మామూలుగా, జేబు తప్పు కుట్టినప్పుడు చెప్పినట్టు.

ముగ్గురం స్టేషనుకి వెళ్లాం. పదింటికి. గోడకి కొత్త నియమం అతికించి ఉంది, జిగురు ఇంకా తడి. కుర్ర ఎస్సై, బల్లమీద నా పుస్తకం. అట్టమీద నేను, గంభీరంగా.

"పెద్దాయనా, ఇవాళ్టి నుంచి కొత్త లెక్క. పాత చీటీలు చెల్లవు. ఇది మొదటిదవుతుంది" అన్నాడు.

"చెయ్యి విరిగింది" అంది మా ఆవిడ.

"చూస్తున్నానమ్మా. కానీ ఇది శాస్త్రం. చాలా పెద్దవాళ్లు తేల్చింది."

"ఆ పెద్దవాణ్ణి నేనే" అన్నాను.

అట్ట చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ అట్ట చూశాడు. సగం గడ్డం వారం రోజులకి పూర్తి గడ్డమైంది కానీ పోలిక పోలేదు. లేచి సెల్యూట్ కొట్టాడు.

"కూర్చో. అది తప్పు. లెక్కలు వేసింది నేనే, తప్పుగా వేసింది కూడా నేనే. కేసు రాయి."

"సార్, పైనుంచి అడిగితే..."

"నా పేరు చెప్పు. ముసలాడు బల్లమీంచి లేవలేదని రాయి."

లేవలేదు. వాడు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఒకసారి శిష్యుడి గొంతు వినిపించినట్టయింది. కాకపోవచ్చు. మా ఆవిడ ఎవరో వదిలేసిన పత్రికతో విసురుకుంటూ, వచ్చేపోయే ప్రతి కానిస్టేబులుకీ కుట్టే ఆవిడ చెయ్యి చూపించి, "ఇది తెల్ల చీటీ" అని చెబుతూ కూర్చుంది. ఒంటిగంటకి ఒక మహిళా కానిస్టేబులు మాకు మంచినీళ్లు తెచ్చి, ఎస్సై చెవిలో ఏదో అంది. అతను మొహం రుద్దుకున్నాడు.

రెండుంబావుకి కేసు రాశారు. నంబరు వేశారు. లారీ నంబరు కూడా రాసుకున్నారు.

సంతకం దగ్గర కుట్టే ఆవిడ ఆగింది. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేతి వేలిముద్ర వేసింది. సిరా తుడుచుకోవడానికి గుడ్డ అడిగితే లేదన్నారు. కుర్చీ అంచుకి తుడుచుకుంది.